అన్న ఇచ్చిన క్యాప్సూల్స్

26 ఏళ్ల పాఠకుడు ఒకరు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, చివరికి ఏ దేశం జట్టో కూడా బయటపెట్టొద్దని అడిగారు. అందుకే అవన్నీ తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఈయన నాలుగేళ్లుగా నేచురల్ బాడీ బిల్డింగ్ చేస్తున్నారు. అంటే స్టెరాయిడ్లు, హార్మోన్లు లాంటివి వాడని వాళ్లకు మాత్రమే ప్రవేశం ఉండే పోటీలు. ఈ ఏడాది సెలెక్షన్స్‌లో తన వెయిట్ కేటగిరీలో మొదటి స్థానం వచ్చి జాతీయ జట్టులో చోటు దొరికింది. అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్‌కు ఇంకా ఐదు వారాలుంది. ప్రయాణం ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. ఈయనకు అక్క తను దాచుకున్న డబ్బు ఇచ్చింది.

అదే జట్టులో ఒక సీనియర్ ఉన్నాడు. ఉత్తరం నిండా ఈయన అతన్ని 'అన్న' అనే రాశారు. జిమ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచి ఫీజు తీసుకోకుండా నేర్పించింది ఆ అన్నే. పోజింగ్ నేర్పాడు, డైట్ రాసిచ్చాడు, ఓడిపోయిన రోజు పక్కన కూర్చున్నాడు. క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. నడుము దగ్గర కొవ్వు ఎంతకీ తగ్గట్లేదని ఈయన టెన్షన్ పడుతుంటే అన్న ఒక జిప్ కవర్ ఇచ్చాడు. "ఫ్యాట్ బర్నర్ రా, రోజుకొకటి వేసుకో, ఏం కాదు" అన్నాడు. కవర్ మీద లేబుల్ లేదు. ఈయన 11 రోజులు వేసుకున్నారు. చేతులు వణికాయి, నిద్ర పోయింది, రాత్రిళ్లు గుండె చప్పుడు చెవుల్లో వినపడేదట. భయమేసి అడిగితే అన్న నవ్వేసి, "క్లెన్‌బ్యూటరాల్. రెండు వారాల ముందు ఆపేస్తే కడుక్కుపోతుంది. మూడేళ్లుగా నేను అలాగే వెళ్తున్నా" అన్నాడు.

ఆపేసి నాలుగు రోజులైంది. కవర్‌లో ఇంకా తొమ్మిది మిగిలాయి. వచ్చే వారం డిక్లరేషన్ ఫారం మీద సంతకం పెట్టాలి. పోటీకి ముందు పాలిగ్రాఫ్ (అబద్ధం చెబుతున్నారేమో చూసే యంత్ర పరీక్ష), ఆ తర్వాత యూరిన్ టెస్ట్ ఉంటాయి. ఈయన ప్రశ్న ఇది: "అన్న సంగతి పైవాళ్లకు చెప్పాలా, వద్దా? చెబితే నన్ను నిలబెట్టిన మనిషికి ద్రోహం. చెప్పకపోతే జట్టుకు ద్రోహం. ఏది చేసినా నేను ద్రోహినే కదా?"

సమాధానం:

ఏడు పేజీల్లో మీ గుండె గురించి రాసింది మూడు వాక్యాలు. మిగతాదంతా అన్న గురించే. నేను మాత్రం ఆ మూడు వాక్యాల దగ్గరే మొదలుపెడతాను.

క్లెన్‌బ్యూటరాల్ ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలను తెరిచే మందు. కొన్ని దేశాల్లో ఉబ్బసానికి ఇస్తారు, పశువైద్యంలో గుర్రాలకు వాడతారు. కొవ్వు కరిగిస్తుందని జిమ్ముల్లో చేతులు మారుతుంటుంది. గుండె వేగం పెంచుతుంది, రక్తంలో పొటాషియం తగ్గిస్తుంది. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పొచ్చు. మామూలు మనిషికే ఇది ప్రమాదం. మీరేమో నెలల తరబడి కటింగ్‌లో, అంటే పోటీ కోసం కొవ్వు తగ్గించే డైట్‌లో ఉన్నారు. ఏ మందూ వాడని ఒక బాడీ బిల్డర్‌ను పోటీకి ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు గమనించిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. ప్రిపరేషన్‌లో అతని కొవ్వు 14.8 శాతం నుంచి 4.5 శాతానికి దిగింది. గుండె నిమిషానికి 53 సార్లు కొట్టుకునేది 27కు పడిపోయింది. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ దాదాపు నాలుగో వంతుకు వచ్చింది. పోటీ అయ్యాక చాలా వరకు కోలుకున్నాడు, అది వేరే సంగతి. నిజాయితీగా చేసే ప్రిపరేషనే శరీరాన్ని అంత కిందికి తీసుకెళ్తుంది. అలా అలసిన గుండెను మీరు 11 రోజులు కొరడాతో కొట్టినట్టయింది. కాబట్టి రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏం వేసుకున్నారో, ఎన్ని రోజులు వేసుకున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఈసీజీ, రక్తంలో పొటాషియం చూడమని అడగండి. మీ మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

మధ్యలో ఎవరైనా నీళ్ల మాత్ర వేసుకుంటే త్వరగా బయటికి పోతుందని చెబితే వినొద్దు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు కూడా నిషేధిత జాబితాలోవే, ఇతర మందుల జాడ దాస్తాయని. అవి పొటాషియాన్ని ఇంకా లాగేస్తాయి కూడా. లీటర్లకు లీటర్లు నీళ్లు తాగినా లాభం లేదు. శాంపిల్ పలచగా ఉంటే మళ్లీ ఇవ్వమంటారు, ఈలోగా రక్తంలో సోడియం పడిపోతే ఆసుపత్రి పాలవుతారు.

ఇప్పుడు అన్న చెప్పిన లెక్క చూద్దాం. "రెండు వారాల్లో కడుక్కుపోతుంది" అనే ధైర్యం మీద మీ భవిష్యత్తు పెట్టకండి. డోపింగ్ ల్యాబులు ఈ మందును పికోగ్రాముల్లో పట్టుకుంటాయి. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో ఒకటి. సైక్లింగ్‌లో ఆల్బర్టో కాంటడోర్ కథ మీరు వినే ఉంటారు. 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో అతని శాంపిల్‌లో దొరికింది ఇదే క్లెన్‌బ్యూటరాల్, మిల్లీలీటరుకు 50 పికోగ్రాములు. తిన్న మాంసం వల్ల వచ్చిందని అతను వాదించాడు. 2012లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం మాంసం కంటే కల్తీ సప్లిమెంట్ వల్ల వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ అని తేల్చింది. అంటే కావాలని వాడాడని అనలేదు. అయినా టూర్ టైటిల్ పోయింది, రెండేళ్ల నిషేధం పడింది. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఎలా వచ్చిందన్నది తర్వాతి మాట. డోపింగ్ నియమాలకు పునాది అదే. ఈ మందు నిషేధం పోటీ రోజులకే పరిమితం కాదు, ఏడాది పొడవునా ఉంటుంది.

సరే, ఐదు వారాల తర్వాత మీ యూరిన్ శుభ్రంగా వచ్చిందనే అనుకుందాం. ఫారంలో అడిగేది యూరిన్ గురించి కాదు కదా. గత ఇన్నేళ్లలో నిషేధిత పదార్థం వాడారా అని అడుగుతారు. వరల్డ్ నేచురల్ బాడీ బిల్డింగ్ ఫెడరేషన్ లాంటి చోట పదేళ్ల లెక్క. పాలిగ్రాఫ్‌లోనూ అదే ప్రశ్న. ఆ యంత్రం నిజాన్ని చదివేస్తుందని నేను నమ్మను. అది చూసేది శ్వాస, నాడి, చెమట, అంతే. నిజం చెప్పే భయస్తుడు అందులో ఇరుక్కోవచ్చు, అబద్ధం చెప్పే నిబ్బరస్తుడు గట్టెక్కొచ్చు. మీ అన్న మూడుసార్లు గట్టెక్కాడుగా. కానీ సంతకం మీది. ఒక్కసారి 'లేదు' అని రాస్తే వచ్చే ఏడాదీ రాయాలి, ఆపై ఏడాదీ రాయాలి. మందు వారాల్లో పోతుంది, ఈ సమాధానం పదేళ్లు మీ వెంట నడుస్తుంది.

అందుకే మీ ప్రశ్న తలకిందులుగా ఉందంటున్నాను, తమ్ముడూ. "అన్న గురించి చెప్పాలా?" అని అడిగారు. వచ్చే వారం మీ ముందు పెట్టే కాగితం మీ గురించి. మొదట తేల్చుకోవాల్సింది అదే. ద్రోహం, విశ్వాసం లాంటి పెద్ద మాటలు మిమ్మల్ని ఎంత కమ్మేశాయంటే మీ సొంత లెక్క మీకు కనబడలేదు.

ఇంకో మాట కూడా అడగాలి, బాధపడొద్దు. లేబుల్ లేని కవర్ చేతికొచ్చినప్పుడు ఇదేంటని ఎందుకు అడగలేదు? నేచురల్ పోటీలకు వెళ్లేవాళ్లు పారాసెటమాల్ వేసుకోవాలన్నా జాబితా చూసుకుంటారు. సీలు, లేబుల్ ఉన్న డబ్బాలనే నమ్మలేం. 13 దేశాల్లో 634 సప్లిమెంట్లు కొని పరీక్షిస్తే 94 వాటిలో లేబుల్ మీద లేని హార్మోన్ సంబంధిత పదార్థాలు దొరికాయి. ఆ అధ్యయనం 2004లోనే వచ్చింది, మన రంగంలో తెలియనివాళ్లు తక్కువ. అన్న మీద నమ్మకంతో అడగలేదా, లేక అడిగితే జవాబు ఏమొస్తుందో లోపల ఎక్కడో తెలిసి అడగలేదా? ఆ జవాబు నాకు రాయక్కర్లేదు. మీరు ఎవరి ముందు కూర్చున్నా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి ముందే నిజాయితీగా తేల్చుకుని వెళ్లండి.

ఇక మీ ముందున్న దారులు.

ఏమీ మాట్లాడకుండా జట్టుతో వెళ్లడం ఒకటి. ఏమీ జరగకపోవచ్చు కూడా, కాదనను. జరిగితే మాత్రం మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమావళి ప్రకారం ఇలాంటి మందుకు మామూలు శిక్ష నాలుగేళ్ల నిషేధం. కావాలని చేయలేదని నిరూపించుకుంటే రెండేళ్లకు తగ్గుతుంది. కానీ ఏం వేసుకున్నారో తెలిశాక కూడా ఫారంలో దాచిన మనిషి 'కావాలని కాదు' అంటే ఎవరు వింటారు? నేచురల్ సంస్థల సొంత నియమాలు కొన్ని ఇంతకంటే కఠినంగా ఉంటాయి, మీ ఫెడరేషన్ రూల్స్ కాగితం తెచ్చుకుని చదవండి.

గాయమైందని చెప్పి తప్పుకోవడం రెండోది. మీ ఉత్తరం ఐదో పేజీలో ఈ ఆలోచన తొంగి చూసింది. ఈ ఏడాదికి టెస్ట్ తప్పుతుంది. అక్క డబ్బులో కొంత వెనక్కి రావచ్చు. కానీ పదేళ్ల ప్రశ్న ఎక్కడికీ పోదు. అన్న మాత్రం యథావిధిగా వెళ్తాడు, వచ్చే ఏడాది ఇంకో కుర్రాడికి ఇంకో జిప్ కవర్ ఇస్తాడు.

పేరు లేకుండా అన్న మీద మాత్రం ఫిర్యాదు చేయడం మూడోది. అన్నిట్లో నాకు నచ్చనిది ఇదే. విచారణ మొదలైతే అతను చెప్పే మొదటి పేరు మీదే. అప్పుడు మీరు నిజం చెప్పినా దొరికిపోయాక చెప్పినట్టే అవుతుంది.

మీ 11 రోజుల సంగతి మీరే రాతపూర్వకంగా జట్టు మేనేజర్‌కు, ఫెడరేషన్‌లో డోపింగ్ వ్యవహారాలు చూసేవాళ్లకు ఇవ్వడం నాలుగోది. దీని ఖరీదు చిన్నదేం కాదు. ఈ ఛాంపియన్‌షిప్ దాదాపు ఖాయంగా పోతుంది. నిషేధమూ పడొచ్చు. నాలుగేళ్లుగా కలగన్న జెర్సీ ఇప్పట్లో వేసుకోలేరు. అక్కకు ముఖం చూపించడం కష్టమవుతుంది. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను, నా మనసు ఈ దారి వైపే ఉంది. వాడా నియమావళిలో ఒక వెసులుబాటు ఉంది: శాంపిల్ ఇవ్వమనే నోటీసు రాకముందు, వేరే ఆధారమేదీ లేనప్పుడు ఆటగాడు తనంతట తాను ఒప్పుకుంటే శిక్షను సగం వరకూ తగ్గించే వీలుంది. మీ ఫెడరేషన్ ఆ నియమావళిని పాటిస్తుందో లేదో వాళ్ల రూల్స్‌లో చూడండి. పాటించకపోయినా, ముందు వచ్చి చెప్పినవాడిని, తర్వాత దొరికినవాడిని ఒకే కళ్లతో చూసే కమిటీ ఉండదు. మీ వయసు 26. నేచురల్ బాడీ బిల్డింగ్‌లో ఇంకా కండ పెట్టే వయసే. నలభై దాటినవాళ్లకు మాస్టర్స్ విభాగాలున్న ఆట ఇది.

మీరు ఒప్పుకుంటే "క్యాప్సూల్స్ ఎక్కడివి?" అని అడుగుతారు. మీరు భయపడుతున్నది నిజానికి ఆ క్షణానికే.

అన్న మీకు చేసిన మేలు అబద్ధం కాదు. నాలుగేళ్ల శిక్షణ, ఓడిన రాత్రి పక్కన కూర్చోవడం, అవన్నీ అలాగే ఉంటాయి. వాటిని తీసేయమని నేను అనను. కానీ నియమాల దృష్టిలో అతను మందు వాడిన ఆటగాడు మాత్రమే కాదు, మరో ఆటగాడికి ఇచ్చినవాడు. వాడటం కంటే ఇవ్వడం పెద్ద నేరం. నాలుగేళ్ల నుంచి జీవితకాలం వరకూ నిషేధం ఉంటుంది. తెలిసి కప్పిపుచ్చడం కూడా అదే నియమావళిలో విడిగా ఒక తప్పు. అంటే ఇక నుంచి మీ మౌనం కేవలం మౌనం కాదు. మీ గుండె వణుకుతోందని చెప్పినప్పుడు అతను నవ్వాడు చూశారా, నాకు అన్నిటికంటే ఆ నవ్వే గుచ్చుకుంది. చెడ్డవాడని కాదు. మూడేళ్లుగా అలవాటై అది తప్పని అతనికే అనిపించడం మానేసింది.

మీ ఉత్తరంలో ఒక మనిషి లేడు. సెలెక్షన్స్‌లో అన్న కేటగిరీలో అతని వెనుక నిలిచిన ఆటగాడు. అతనూ నెలల తరబడి కడుపు కాల్చుకున్నాడు, అతనికీ డబ్బు దాచిన అక్కో అన్నో ఉండే ఉంటారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, తన కండిషన్ చాల్లేదేమో, తన జన్యువులే అంతేనేమో అని తనను తాను తిట్టుకుంటూ ఉంటాడు. నేను పోటీల్లో ఉన్న రోజుల్లో ఒక స్నేహితుడి విషయం తెలిసీ నోరు విప్పలేదు. ఆ రోజు స్టేజ్ మీద అతని పక్కన నాలుగో స్థానంలో నిలబడి, పతకం అందక చప్పట్లు కొట్టిన కుర్రాడి ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ స్నేహం కూడా ఎంతో కాలం నిలవలేదు. ఇద్దరి మధ్యా అదే కూర్చుని ఉండేది.

అన్నతో ముందే మాట్లాడాలా అంటే, మాట్లాడాలనే నా మనసు చెబుతోంది. వెనక నుంచి దెబ్బ పడిందని అతను అనుకోకూడదు. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. రెండు మూడు రోజులు గడువిస్తే బతిమాలతాడు, ఋణం గుర్తుచేస్తాడు, కోప్పడతాడు, ఉన్నవన్నీ పారేస్తాడు. మీ మాట జారిపోయే అవకాశం ఎక్కువ. అందుకే మీ లేఖ పూర్తిగా రాసి, సంతకం పెట్టి సిద్ధంగా ఉంచుకున్నాక మాత్రమే మాట్లాడండి. ఉదయం చెప్పండి, సాయంత్రం పంపండి. గదిలో రాత్రి పూట వద్దు, పగలు నలుగురూ తిరిగే చోట కూర్చోండి. "అన్నా, నా ఫారంలో నిజం రాస్తున్నా. ఎక్కడివని అడిగితే అబద్ధం చెప్పలేను. సాయంత్రం లోపు నువ్వే వెళ్లి చెప్పుకుంటే నీకూ మంచిది" అంటే చాలు. వాదనకు దిగొద్దు. ఆ రాత్రి నుంచి గది మార్చమని అడగండి. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించడాన్ని కూడా వాడా నియమావళి 2021 నుంచి నేరంగా చూస్తోంది, బెదిరింపులు వస్తే అది మేనేజర్‌కు చెప్పండి.

అతను మీ మాట వినకపోవచ్చు. మిమ్మల్ని మళ్లీ తమ్ముడని పిలవకపోవచ్చు. ఆ నష్టం లేని దారి మీకు చూపించలేను.

అతని పేరు ఇప్పుడే చెప్పే ధైర్యం లేకపోతే మీ గురించి మాత్రం రాసి, "ఇచ్చిన వ్యక్తి గురించి విచారణలో చెబుతాను" అని ఆపవచ్చు. అది పూర్తి నిజం కాదు, అబద్ధమూ కాదు. కమిటీ ఊరుకోకపోవచ్చు, పేరు చెబితేనే శిక్ష తగ్గింపు గురించి ఆలోచిస్తామనవచ్చు. అయినా మొదటి అడుగుగా నేను తప్పు పట్టను.

నడుము దగ్గర కొవ్వు గురించి కూడా అడిగారు, మర్చిపోలేదు. మగవాళ్లలో చివరిగా కరిగేది సాధారణంగా అక్కడే. మీరు రాసిన 78 కిలోల బరువుకు వారానికి అర శాతం నుంచి ఒక శాతం, అంటే దాదాపు 400 నుంచి 780 గ్రాములు తగ్గితే కండ నిలుస్తుంది. ఐదు వారాల్లో రెండు నుంచి నాలుగు కిలోలు. అంతకంటే ఎక్కువ కావాల్సి ఉంటే మీ ప్రిపరేషన్ ఆలస్యంగా మొదలైందన్నమాట. దానికి మందు క్యాప్సూల్ కాదు, తర్వాతి సారి నెల ముందు మొదలుపెట్టడం. కాస్త మెత్తగా కనిపించి ఆరో స్థానంలో నిలబడ్డా అది మీ సొంత ఆరో స్థానం అయ్యేది. ఆ మాట మీకు చెప్పాల్సిన మనిషి కవర్ ఇచ్చాడు, అదే నా బాధ.

మిగిలిన తొమ్మిది క్యాప్సూల్స్ పారేయకండి, ఎవరికీ తిరిగి ఇవ్వకండి. అవి ఏంటో పరీక్షించి తేల్చాల్సిన రోజు వస్తే మీ దగ్గరున్న ఆధారం అవే. ఒక కవర్‌లో పెట్టి, అంటించి, పైన తేదీ రాసి సంతకం చేయండి. అన్న పంపిన మెసేజీలు ఉంటే అలాగే ఉంచండి. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టర్ ఇచ్చిన రిపోర్టులు దానికి జతచేయండి.

ఆ కవర్ క్యాంపు గదిలో ఉంచొద్దు, అక్క దగ్గర దాచమనండి. ఇచ్చేటప్పుడు అందులో ఏముందో ఆమెకు చెప్పండి. డబ్బు పోతుందేమోనని ఆమె కోప్పడుతుందని భయపడుతున్నారు. కోప్పడనివ్వండి. మీ గుండె సంగతి వినగానే ఆమె ఆ డబ్బు మాట మర్చిపోతుందని నా నమ్మకం. ఈ విషయం మీ నోటి నుంచి మొదటిసారి బయటికి వచ్చేది ఆమె ముందే అయితే, అన్న ముందు, మేనేజర్ ముందు రెండోసారి, మూడోసారి చెప్పేటప్పుడు గొంతు కాస్త నిలబడుతుంది.